పండ్ల పేర్లు, రేవుల కథలు

పండు ఒకటి మన ఊరికి మొదట ఎప్పుడు వచ్చినదో తెలుపు శాసనములు మనకు దొరకవు. రాజులు అగ్రహారములు దానము చేసినప్పుడు రాతిపై వ్రాయించిరి. దేవాలయమున అఖండదీపము పెట్టించినప్పుడు వ్రాయించిరి. బొప్పాయి గింజను మొట్టమొదట నాటిన రైతును గూర్చి మాత్రము ఎవరును వ్రాయింపలేదు. అయినను ఆ రాకకు ఆనవాలు ఒకటి నేటికిని మన నాలుకమీద మిగిలియున్నది. అదియే ఆ పండు పేరు.

పేరును చరిత్రకు సాక్షిగా పిలువవచ్చునా? పిలిచినచో ఆ సాక్షి మాటలో ఎంత నమ్మవలెను? ఎంత విడువవలెను? నెల్లూరు తీరమున మనము నిత్యము తిను పండ్లనే ఉదాహరణములుగా తీసికొని ఈ ప్రశ్నలను విచారింతము. పోలికకొరకు రెండు పరభాషలను చేర్చుకొందము. ఒకటి ఇంగ్లీషు, రెండవది దక్షిణచీనాలోని కాంటను నగరమునను, హాంకాంగునను ప్రజలు మాటలాడు కాంటనీసు భాష. ఇది కేవలము వినోదమునకు వేసికొను ప్రశ్న కాదు. రెండు పండ్ల పేర్లు ఒకదానితో నొకటి కలిసిపోవుటవలన మనుష్యులు రోగములపాలై మరణించిన సందర్భము కూడ చరిత్రలో కలదు. దానిని చివర చూడగలము.

మూడు భాషలను కలిపిన సముద్రము

తెలుగును, ఇంగ్లీషును, కాంటనీసును ఒకచోట చేర్చుట వింతగా తోచవచ్చును. కాని మ్యాపును చూచినచో వింత తొలగిపోవును. పులికాటు సరస్సులో అధికభాగము మన రాష్ట్రమున నున్నది. దక్షిణపు కొన తమిళనాడునకు చెందినది. ఆ కొననున్న పులికాటు పట్టణమున డచ్చివారు 1613లో గెల్డ్రియా అను కోటను కట్టిరి. పాత తెలుగులో వీరికి ఒలాందావారని పేరు. 1690 వరకు కోరమండల తీరమున వారి వ్యాపారమునకు ఇదియే ముఖ్యస్థానము. ఈ తీరపు నూలుబట్టలు వారి ఓడలపై జావాదీవిలోని బటేవియా నగరమునకు పోవుచుండెను. డచ్చివారు 1619లో స్థాపించిన ఆ నగరమే నేటి జకార్తా. అచ్చట చీనా వర్తకులు అనేకులు కాపురముండిరి.

సరస్సునకు ఉత్తరమున, పూర్వపు నెల్లూరు జిల్లా తీరమున, దుగరాజపట్నము కలదు. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ 1626లో ఇచ్చట వర్తకస్థానము నెలకొల్పెను. కంపెనీ కాగితములలో ఈ ఊరి పేరు ఆర్మగాం. అచ్చటి అధికారియైన ఫ్రాన్సిస్ డే 1639లో మద్రాసు స్థలమును సంపాదించెను. పిమ్మట వర్తకమంతయు అక్కడకు తరలిపోయెను. కాలక్రమమున కంపెనీ ఓడలు మద్రాసు మీదుగా కాంటనునకు పోవుట పరిపాటి యయ్యెను. పాశ్చాత్యులకు చీనాదేశపు వాకిలి కాంటనే. 1757 మొదలు 1842 వరకు చీనా ప్రభుత్వము వారిని ఆ యొక్క రేవునందే వర్తకము చేయనిచ్చెను.

ఇందుచేతనే ఇంగ్లీషులో చీనా పండ్ల పేర్లు పెక్కు కాంటనీసు ఉచ్చారణతో నున్నవి. కమ్‌క్వాట్ అను చిన్న నారింజ పేరు కాంటనీసులో కమ్-క్వత్. అనగా బంగారు నారింజ. వాంపీ అనునది వోంగ్-పేయ్, అనగా పసుపుతొక్క. లాంగన్ అనునది లూంగ్-ఙాన్. అనగా డ్రాగను కన్ను. ఆ పండు తొక్క ఒలిచినచో తెల్లని గుజ్జులోనుండి నల్లని గింజ కనుపాపవలె అగపడును. లిచీ కూడ ఈ ప్రాంతపు పేరే. అది 16వ శతాబ్దిలోనే ఐరోపా గ్రంథములకు ఎక్కినది. ఈ పేర్లు ఇంగ్లీషు ఓడలు ఆగిన రేవులకు గుర్తులు. మన తీరమునను ఇట్టి గుర్తులు తక్కువ లేవు.

పంపరపనస, బత్తాయి, చీనీ

పంపరపనసను చూడుడు. పేరులో పనస యున్నది గాని పనసకును దీనికిని చుట్టరికము లేదు. పనస మర్రి, మేడి చెట్ల కుటుంబమునకు చెందినది. పంపరపనస నారింజ, నిమ్మల జాతిది. మరి పనస ఎట్లు వచ్చి చేరెను? ఈ పండును డచ్చివారు పంపెల్‌మూస్ అందురు. తమిళులు పంబళిమాసు అందురు. డచ్చి మాట మూలమును గూర్చి పండితులలో భేదాభిప్రాయములు కలవు గాని, ఈ మాటలన్నియు ఒక్కటే యనుటలో సందేహము లేదు. తెలుగువారి నోట ఈ తెలియని మాట చివరిభాగము తెలిసిన ‘పనస’గా మారిపోయెను. రెండును పెద్ద పండ్లు, రెండింటిలోను తొనలుండును. కావున మార్పు సహజముగనే తోచియుండును. తెలియని మాటను తెలిసిన మాటగా మలచుకొనుట ప్రపంచమునందలి అన్ని భాషలకు అలవాటు.

బత్తాయి కథ దీనికి సమీపమున నున్నది. వంగదేశీయులు పంపరపనసను బాతాబి లేబు అందురు. అనగా బటేవియా నిమ్మ. ఉద్యానశాస్త్ర గ్రంథములలో తీపినారింజ రకము ఒకదానికి బటేవియన్ అను పేరు కలదు. ఆ మాటయే మన నోట అరిగి బత్తాయి యైనదనుట సమంజసముగ నున్నది. అదే తీపినారింజను రాయలసీమవారు చీనీ యందురు, అనగా చీనాకాయ. డచ్చివారును నారింజను ‘చీనా ఆపిల్’ అను అర్థమిచ్చు మాటతోనే పిలుతురు. అరబ్బులు దానికే పోర్చుగల్ పేరు పెట్టిరి. బొంబాయి ప్రాంతమున మొజాంబిక్ పేరు మీదుగా మోసంబి యైనది. ఒకే పండు, కాని చీనా, బటేవియా, మొజాంబిక్, పోర్చుగల్ అను నాలుగు చోట్ల పేర్లు దానికి అంటుకొన్నవి. ఈ నాలుగింటిలో ఏది దాని జన్మస్థానము?

దీనికి సమాధానము భాషాశాస్త్రము ఈయజాలదు, వృక్షశాస్త్రమే ఈయవలెను. 60 రకముల నిమ్మజాతి చెట్ల జన్యువులను పరిశీలించిన పరిశోధన ఒకటి 2018లో ‘నేచర్’ పత్రికలో వెలువడినది. హిమాలయముల ఆగ్నేయపు దిగువ ప్రాంతము, అనగా అస్సాము, ఉత్తర బర్మా, పశ్చిమ యున్నాన్ ప్రదేశము, ఈ జాతికంతకును పుట్టిల్లని అందు తేలినది. పంపరపనస స్వతంత్రమైన మూలజాతులలో ఒకటి. తీపినారింజ అట్టిది కాదు. అది పంపరపనసయు, కమలాజాతియు కలిసి పుట్టిన సంకరము. ఆ కలయిక దక్షిణచీనా ప్రాంతమున జరిగియుండునని శాస్త్రజ్ఞుల అభిప్రాయము. కనుక చీనీ అను పేరు సత్యమునకు దగ్గరగ నున్నది. బత్తాయి అను పేరు ఆ పండు నడుమ మజిలీ చేసిన రేవును మాత్రమే చెప్పుచున్నది.

ఇక నారింజ అను మాట ప్రయాణము దీనికి వ్యతిరేకదిశలో సాగినది. మన దేశపు నారంగ శబ్దము పారశీకమునకును, అరబ్బీకిని పోయి, స్పెయిన్, ఫ్రాన్సు దేశముల మీదుగా ఇంగ్లీషున ఆరంజి యైనది. పండు తూర్పునుండి వచ్చినది. పేరు మననుండి పడమటికి పోయినది.

పండునకు వచ్చినచోటి పేరు పెట్టుట మన దేశమున క్రొత్త యాచారము కాదు. 7వ శతాబ్దిలో ఇండియాకు వచ్చిన చీనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ వాయవ్యభారతమున చీనాభుక్తి యను ప్రదేశమును గూర్చి వ్రాసెను. కనిష్కుని కాలమున చీనా సరిహద్దునుండి జామీనుగా వచ్చిన రాజకుమారులు అచ్చట నివసించిరనియు, పీచి, పియరు పండ్లను వారే తెచ్చిరనియు, అందుచే ప్రజలు పీచిపండును చీనాని యనియు, పియరును చీనరాజపుత్ర మనియు పిలుచుచుండిరనియు ఆయన తెలిపెను. మన చీనీకాయ ఆ పాత వరుసలో చేరిన క్రొత్త చుట్టము.

మామిడికాయయే మ్యాంగో

ఇప్పుడు మనవద్దనుండి బయలుదేరిన పండ్లను చూతము. మామిడి మన ప్రాంతముల పండు. ఇంగ్లీషు మ్యాంగో అను మాట తమిళ మలయాళముల మాంగాయ్, మాంగ అను మాటనుండి పోర్చుగీసుద్వారా వచ్చినది. ఇందు ‘కాయ్’ అనునది మన ‘కాయ’యే. అనగా ఇంగ్లీషువారు పండిన పండును తినుచు దానిని మామిడికాయ యనియే పిలుచుచున్నారన్నమాట!

దీనికి ఓడలే కారణము కావచ్చును. పండిన మామిడి నెలలకొలది సాగు ప్రయాణమునకు నిలువదు. 17వ శతాబ్దిలో ఇంగ్లండునకు చేరినది ఉప్పులోను, నూనెలోను ఊరిన కాయయే. అందుచేత ఆ దేశమున మ్యాంగో అను మాటకు కొంతకాలము ‘ఊరగాయ’ యను అర్థమే వాడుకలో నుండెను. దోసకాయలను, పీచికాయలను ఊరవేసి వానిని సైతము మ్యాంగోలనిరి. ఆవకాయ పెట్టు ఇంటివారికి ఈ సంగతి చెప్పినచో నవ్వుదురు గాని, వస్తువు ఏ రూపమున ముందు కంటబడునో పేరు ఆ రూపమునకే అతుకుకొనును.

కాంటనీసులో మామిడి పేరు మోంగ్-క్వో. క్వో యనగా పండు. మోంగ్ అనునది మలయా ద్వీపముల ‘మంగ్గ’ శబ్దము. ఆ శబ్దమునకు మూలము మరల మన దక్షిణదేశపు మాటయే. చీనా గ్రంథములలో అంతకు పూర్వము మామిడికి వేరొక పేరుండెను. హ్యూయన్‌త్సాంగ్ దానిని సంస్కృత ‘ఆమ్ర’ శబ్దముతో వ్రాసెను. భిక్షువులు నేలదారిన కొనిపోయిన పేరు పుస్తకములలో నిలిచినది. వర్తకులు నీటిదారిన కొనిపోయిన పేరు బజారున నిలిచినది.

పనసను జ్ఞాపకముంచుకొన్న దేవాలయము

హ్యూయన్‌త్సాంగ్ మన పండ్ల పట్టికలో పనసను సంస్కృతనామముతోనే చేర్చెను. పుండ్రవర్ధన దేశమును వర్ణించుచు, పనసపండు గుమ్మడికాయ యంత యుండుననియు, కోసినచో లోపల కొంగగ్రుడ్డు పరిమాణముగల చిన్నపండ్లు అనేకము లుండుననియు, అవి కొమ్మలకును, ఒక్కొక్కప్పుడు వేరునొద్దను కాయుననియు వ్రాసెను. నేటి వృక్షశాస్త్ర విద్యార్థి ఈ వర్ణనలో దిద్దవలసినది స్వల్పము. పనస నిజముగ అనేక పుష్పముల సముదాయమునుండి ఏర్పడిన సంయుక్తఫలము. అది కాండమునకే కాయును.

ఇంగ్లీషు జాక్ అను పేరు మలయాళపు చక్క అను మాట. పడమటి తీరమున పోర్చుగీసువారు దానిని విని జాకా యనిరి. కాంటనీసు పేరు ఇంతకంటె చిత్రమైనది. చీనాలో పనసకు ప్రాచీనమైన పేరు పో-లో-మత్. ఇది బౌద్ధుల ‘పారమిత’ శబ్దమునకు వ్రాసిన అక్షరములే. ఆ అక్షరములలో చివరిదానికి తేనె యని అర్థము వచ్చునట్లు వ్రాసిరి. ఒడ్డు చేరుట యను ధర్మశాస్త్రపు మాట తీపిపండునకు పేరైనది.

కాంటను నగరపు పాత రేవునొద్ద దక్షిణసముద్ర దేవుని ఆలయము కలదు. క్రీ. శ. 594లో ఇది స్థాపితమైనది. అక్కడివారు దీనిని పో-లో గుడి యందురు. టాంగ్ వంశముకాలమున ఇండియానుండి వచ్చిన దూత ఒకడు ఈ గుడి యావరణమున పనసగింజలు నాటెననియు, దేవాలయపు అందమును చూచుచు కాలము మరచి ఓడను తప్పిపోయెననియు, తీరమున నిలిచి చేయి కంటికి అడ్డుపెట్టుకొని సముద్రమువైపు చూచుచు అక్కడనే మరణించెననియు ఐతిహ్యము. ఆ భంగిమలోనే అతని విగ్రహమును గుడిలో నిలిపిరి. ఐతిహ్యమును చరిత్రగా తీసికొనరాదు. కాని పనస ఇండియా ఓడలపై వచ్చినదను జ్ఞాపకము ఆ విగ్రహమున భద్రముగ నున్నది.

తరువాత అమెరికానుండి అనాస వచ్చెను. పైన గరుకుగ, లోపల పచ్చగ, సువాసనగ నున్న ఆ పండును చూచి కాంటను ప్రజలు దానిని గూడ పో-లో యనిరి. క్రమముగ క్రొత్తపండే పేరును ఆక్రమించుకొనెను. పాతపండయిన పనసను వేరుపరచుటకు తాయ్-స్యూ-పో-లో, అనగా ‘పెద్దచెట్టు అనాస’ యనవలసి వచ్చెను. ఇంటివాడు అతిథియై, అతిథి ఇంటివాడయ్యెను! మలయాళీయులును అనాసను మొగలిపనస యను అర్థముతో కైతచక్క యందురు. ఒకరినొకరు ఎరుగని రెండు జాతులు ఒకే పోలికను పట్టుకొనుట గమనింపదగినది. మనము మాత్రము అమెరికా ఆదివాసుల మాటను పోర్చుగీసునుండి తీసికొని అనాస యను పేరుతోనే యుంచితిమి.

సీమ, పరంగి, ఫాన్

పోర్చుగీసువారు 1498లో కళ్లికోటకును, 1513లో కాంటను సమీపమునకును చేరిరి. 1557లో మకావోలో స్థిరపడిరి. వారివలనను, స్పెయిన్‌వారివలనను బొప్పాయి, జామ, సీతాఫలము, జీడిమామిడి, అనాస మొదలగు అమెరికా ఫలములు ఆసియా తీరములకు వచ్చెను. క్రొత్తపండు కనబడినప్పుడు ప్రజలు సాధారణముగ ఒక యుపాయము పన్నుదురు. తమకు తెలిసిన పండు పేరు పెట్టి, దానికి ముందు ‘పరదేశపు’ అని చేర్చుదురు.

మన భాషలో ఇట్టి గుర్తులు సీమ, పరంగి యనునవి. సీమచింత మెక్సికోనుండి మనీలా మీదుగా వచ్చినది. సీమపనస పసిఫిక్ ద్వీపములది. పరంగి యనగా ఫ్రాంకు, అనగా ఐరోపావాడు. కన్నడులు బొప్పాయిని పరంగిహణ్ణు అందురు. తమిళులు అమెరికా గుమ్మడి ఒకదానిని పరంగికాయ యందురు. మన వైద్యులు వాడు పరంగిచెక్క నిజమునకు చీనాదేశపు తీగవేరు. పరంగివాడు తెచ్చిన కారణమున చీనావేరునకు పరంగి పేరు వచ్చినది. పేరు పుట్టిల్లు చెప్పదు, తెచ్చినవాని చేతిని చెప్పును అనుటకు ఇంతకంటె మంచి యుదాహరణము దొరకదు.

కాంటనీసులో ఇట్టి గుర్తు ఫాన్ అనునది. జామకు ఫాన్-సెక్-లౌ, అనగా పరదేశపు దానిమ్మ. దానిమ్మకువలె జామకును కొనయందు పుష్పకోశము కిరీటమువలె మిగిలియుండును. టొమాటోకు పరదేశపు వంకాయ. ఇందు వారి చూపు సరియైనది, రెండును ఒకే కుటుంబమునవి. సీతాఫలమునకు ఫాన్-క్వై-లై-చీ, అనగా ‘పరదేశపు దయ్యముల లిచీ’.

సీతాఫలమువద్ద కొంచె మాగవలెను. ఒకే పండునకు మూడు భాషలలో మూడు దృష్టులు. ఇంగ్లీషువారు గుజ్జు మెత్తదనమును చూచి కస్టర్డ్ ఆపిల్ అనిరి. కాంటను ప్రజలు అది పరాయిది యని పేరులోనే వ్రాసిపెట్టుకొనిరి. మనము దానికి సీత పేరు పెట్టి, దాని చుట్టములకు రాముని పేరును, లక్ష్మణుని పేరును ఇచ్చి, పరాయితనమును పూర్తిగ మరచితిమి. పేరునుబట్టి చూచినచో ఇది త్రేతాయుగము నాటి పండు. చరిత్రకారులును ఈ పేరుయెదుట తడబడిరి. పురాతత్త్వజ్ఞుడైన కన్నింగ్‌హాం 1879లో ప్రకటించిన గ్రంథమున భర్హుత్ స్తూప శిల్పములలో సీతాఫలమును గుర్తించితిననెను. ఆ శిల్పములోని పండు అదియేనా యను వాదము చిరకాలము సాగినది. అయితే ఈ జాతి చెట్లు వన్యముగ పెరుగు దేశములు అమెరికా ఉష్ణప్రాంతములే యని వృక్షశాస్త్రజ్ఞుల నిర్ణయము. పేరును ప్రేమింపవచ్చును, దానిని శాసనముగ చదువరాదు.

పేర్లలోని పరిశీలన

అట్లని పామరజనుల పేర్లన్నియు పొరపాట్లనుకొనరాదు. నెల్లూరు తీరపు ఇసుకనేలలలో పెరుగు జీడిమామిడిని చూడుడు. మన పెద్దలకు జీడిగింజ తెలియును. చాకళ్లు బట్టలపై గుర్తుపెట్టుట కుపయోగించునది. దాని రసము చర్మమును కాల్చును. క్రొత్తగా వచ్చిన చెట్టు గింజ పెంకులోను అట్టి రసమే యున్నది. ఆకును, పూతయు మామిడిని బోలియున్నవి. కావున జీడిమామిడి యనిరి. వృక్షశాస్త్రము ఈ మూడింటిని ఒకే కుటుంబమున చేర్చినది. ఇంగ్లీషు క్యాషూ అమెరికా ఆదివాసుల మాట. కాంటనీసు యియు-క్వో యనగా మూత్రపిండపు ఆకారముగల పండు. మూడు పేర్లలో కుటుంబమును సరిగా పట్టినది తెలుగు పేరే. సీమచింత, చింత ఒకే కుటుంబము. సీమపనస, పనస ఒకే ప్రజాతి. ఇవియు సరియైన పేర్లే. పంపరపనసవద్ద మాత్రము చెవి కంటిని మోసగించినది.

గుణములయందును ఇట్టిదే కలదు. మనము పండ్లను వేడి, చలువ యని విభజింతుము. కాంటను ప్రజలును సరిగా అట్లే విభజింతురు. లిచీ అధికముగ తినినచో వేడియందురు, మామిడి చర్మవ్యాధులు గలవారికి తగదందురు. ఈ మాటలలోని ‘వేడి’ ఉష్ణమాపకమునకు అందునది కాదు. కాని కొన్నిటి వెనుక పరిశీలన యున్నది. మామిడి జీడి కుటుంబమునది గనుక దాని సొనలోను, తొక్కలోను చర్మమున దద్దు లేపు పదార్థము లున్నవి. అనాసలోని బ్రోమెలెయిన్ అను ఎంజైము మాంసకృత్తులను విడగొట్టును. నాలుక మండుటకు అదియొక కారణము. కాంటను ఇండ్లలో అనాసముక్కలను ఉప్పునీట నుంచి తినుట ఆచారము. బీహారులోని ముజఫర్‌పూరునొద్ద పిల్లలకు సోకిన ప్రాణాంతకమైన మెదడువ్యాధికి, రాత్రి భోజనము లేక లిచీలు తినుటకును సంబంధము కలదని 2017లో ప్రకటితమైన పరిశోధన తేల్చినది; ఆ పండులోని హైపోగ్లైసిన్ అను పదార్థము రక్తమునందలి చక్కెరను తగ్గించును. కడుపునిండ తినిన బిడ్డకు ఆ భయము స్వల్పము.

రెండు పండ్లు, ఒక పేరు

ఇక మొదట చెప్పిన విషాదమునకు వత్తము. గూడూరు, పొదలకూరు ప్రాంతములు నిమ్మతోటలకు ప్రసిద్ధములు. అచ్చట పండు చిన్న గుండ్రని పలుచతొక్క నిమ్మను ఇంగ్లీషులో లైమ్ అందురు. మధ్యధరా తీరమున పండు పెద్ద కోలనిమ్మను లెమన్ అందురు. రెండు మాటలును పారశీకపు లీమూ శబ్దమునుండి పుట్టినవే. కాంటనీసు నింగ్-ముంగ్ కూడ ఆ కుటుంబపు మాటయే. మాటలు అక్కచెల్లెండ్రు గాని పండ్లు వేరు. లెమన్ నారింజయు మాదీఫలమును కలిసి పుట్టినది. లైమ్ మాదీఫలమును మరియొక అడవిజాతియు కలిసి పుట్టినది.

దూరప్రయాణములలో నావికులకు స్కర్వీ యను వ్యాధి వచ్చుచుండెను. చిగుళ్లు వాచి, రక్తము కారి, పాతగాయములు తిరిగి రేగి మరణించుచుండిరి. 1747లో జేమ్స్ లిండ్ అను వైద్యుడు రోగులను జంటలుగ విభజించి వేరువేరు మందు లిచ్చి చూచెను. నారింజలు, లెమన్లు తిన్నవారు శీఘ్రముగ కోలుకొనిరి. 1795లో బ్రిటిషు నౌకాదళము లెమన్ రసమును నియమముగ చేర్చెను. వ్యాధి చాలవరకు అణగెను. 1860 తరువాతి సంవత్సరములలో అధికారులు మధ్యధరా లెమన్లకు బదులు వెస్టిండీసు దీవుల లైములను కొనసాగిరి. వ్యవహారమున రెండింటి రసమును ‘లైమ్ జ్యూస్’ అనియే పిలుచుచుండుటచే మార్పును పట్టించుకొన్నవారు లేరు. పులుపే మందు అని నాటివారి భావము. లైము పులుపున తీసిపోదు గదా!

1875–76లో బ్రిటిషు ఉత్తరధ్రువయాత్రలో స్కర్వీ చెలరేగి కొందరు మరణించిరి. రసము నిచ్చినను రోగము వచ్చుటచే కొందరు వైద్యులు ఆ మందునే శంకించి, చెడిన మాంసమే రోగకారణమని వాదింపసాగిరి. 1916లో మెసొపొటేమియా యుద్ధరంగమున వేలకొలది భారతీయ సైనికులు స్కర్వీ పాలైరి. 1918 ప్రాంతమున లండనులోని లిస్టర్ సంస్థలో హారియట్ చిక్ మొదలగు శాస్త్రజ్ఞురాండ్రు జంతువులపై ప్రయోగములు చేసి, లైము రసమునకు లెమన్ రసముతో పోల్చగా నాలుగవవంతు శక్తి మాత్రమే యున్నదని కనుగొనిరి. నిలువచేసిన రసమున అదియు నశించుచుండెను. ఆలిస్ హెండర్సన్ స్మిత్ పాత రికార్డులను వెదకి, పేరు మారకుండ పండు మారిన సంగతిని బయటపెట్టెను. మందు పనిచేయునదే, మందుపేరు మరియొక పండునకు అంటుకొనుటయే పొరపాటు. ఆ గుణమునకు కారణమైన సి విటమినును 1930 తరువాత వేరుచేసి గుర్తించిరి.

ఇంటిలో అప్పుడే పిండిన నిమ్మరసమునకు ఇందువలన ఏ అగౌరవమును లేదు. దానియందు సి విటమిను కలదు. అయితే మన పెరటి జామపండున దానికంటె అనేక రెట్లు అధికముగ నున్నది. పులుపునుబట్టి ఆ గుణమును నిర్ణయింపరాదని దీనివలన తెలియును.

మన పని

పండు పేరు మూడు సంగతులు చెప్పగలదు: మనకు ఎవరి చేతిమీదుగ అందినది, ఏ రూపమున ముందు కనబడినది, చూచినవారు దానిని దేనితో పోల్చిరి. పుట్టినచోటును, లోపలి గుణమును అది చెప్పజాలదు. వానిని చెట్టును పరీక్షించియు, ప్రయోగములు చేసియు తెలిసికొనవలెను. ఒకే పేరున రెండు వస్తువులు, ఒకే వస్తువునకు పది పేర్లు ఉండుటవలన కలుగు చిక్కును తొలగించుటకే లిన్నేయస్ 1753లో ప్రతి మొక్కకును రెండు మాటల శాస్త్రీయనామము నిచ్చు పద్ధతిని స్థిరపరచెను.

శాస్త్రీయనామ మున్నదని ఊరిపేర్లను విడువనక్కరలేదు. 18వ శతాబ్దాంతమున సామర్లకోట తోటలో పనిచేసిన విలియం రాక్స్‌బరో కోరమండల తీరపు మొక్కలను వర్ణించునపుడు తెలుగు పేర్లను గూడ వ్రాసి యుంచెను. అందుచేతనే నాటి పేర్లు నేడు మనకు తెలియుచున్నవి. ఉపాధ్యాయులు తమ విద్యార్థులచే ఇట్టి పట్టిక నొకదానిని వ్రాయింపవచ్చును. ఊరిలో దొరకు పండ్లకు తాతలు, అవ్వలు వాడు పేర్లు, ప్రక్క జిల్లా చుట్టములు వాడు పేర్లు, సంతలో వ్యాపారులు వాడు పేర్లు ఒక వరుసన వ్రాసి, ఎదుట శాస్త్రీయనామమును, చెట్టు కుటుంబమును వ్రాయవలెను. పేరునకును కుటుంబమునకును పొత్తు కుదిరినచోట మన పూర్వుల పరిశీలన కనబడును. కుదరనిచోట ఏదో యొక ఓడ కనబడును.